ఫ్రాన్స్ లెఫ్ట్, అమెరికా లెఫ్ట్: పేరు ఒకటే, తగాదాలు వేరు

2024 మార్చి 4న ఫ్రాన్స్ పార్లమెంటు ఉభయసభలు వెర్సాయ్‌లో సమావేశమై, గర్భస్రావం చేయించుకునే స్వేచ్ఛను రాజ్యాంగంలో చేర్చాయి. అనుకూలంగా 780 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా 72. అనుకూలంగా ఓటేసినవాళ్లలో మరీన్ లె పెన్ కూడా ఉన్నారు. ప్రపంచ పత్రికలన్నీ ‘తీవ్ర రైట్’ అని రాసే పార్టీకి ఆమె నాయకురాలు. దానికి రెండేళ్లు కూడా నిండని 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, దాదాపు యాభై ఏళ్లుగా గర్భస్రావ హక్కుకు ఉన్న రాజ్యాంగ రక్షణను తీసేసింది. అది అమెరికా రైట్ దశాబ్దాల తరబడి పోరాడి సాధించుకున్న తీర్పు. రిపబ్లికన్ల చేతుల్లో ఉన్న అనేక రాష్ట్రాలు వెంటనే నిషేధాలు తెచ్చాయి. ఫ్రాన్స్‌లో తీవ్ర రైట్ నాయకురాలు రాజ్యాంగంలో చేర్చడానికి ఓటేసిన హక్కునే అమెరికాలో మామూలు రైట్ కొట్టేయించింది. రెండు చోట్లా మనం వాడే మాట మాత్రం ఒకటే.

ఈ మాటలు పుట్టింది కూడా వెర్సాయ్‌లోనే. 1789 వేసవి చివర్లో జాతీయ అసెంబ్లీ ముందు ఒక ప్రశ్న వచ్చింది: సభ చేసిన చట్టాన్ని ఆపే అధికారం రాజుకు ఉండాలా, వద్దా? ఉండాలన్నవాళ్లు సభాధ్యక్షుడికి కుడివైపు చేరారు, రాజు అధికారాన్ని తగ్గించాలన్నవాళ్లు ఎడమవైపు చేరారు. అంటే లెఫ్ట్, రైట్ అనేవి మొదట సిద్ధాంతాల పేర్లు కావు. ఒక తగాదాలో ఎవరు ఎటు నిలబడ్డారో చెప్పే గుర్తులు. అమెరికాకు ఈ మాటలు చాలా ఆలస్యంగా, బయటినుంచి వచ్చాయి. అక్కడ రాజు లేడు, ప్రభువర్గం లేదు, రాజ్యాన్ని ఏలే చర్చి లేదు. కాబట్టి ఆ మాటలు వెళ్లేసరికి వాటికి తగిన పాత తగాదా అక్కడ కనపడలేదు. ఉన్న తగాదాలకే ఆ పేర్లు పెట్టుకున్నారు.

ఏ దేశంలోనైనా కొన్ని పెద్ద ప్రశ్నలు ఎప్పుడో తేలిపోయి ఉంటాయి. తేలినవాటి మీద ఎన్నికలు జరగవు. తేలనివాటి మధ్యనుంచే లెఫ్ట్-రైట్ గీత పోతుంది. ఫ్రాన్స్‌లో 1945 నాటికి తేలిన ప్రశ్న అమెరికాలో ఇప్పటికీ నలుగుతోంది. అమెరికాలో ఎప్పుడూ పెద్ద గొడవ కాని విషయం ఫ్రాన్స్‌లో ప్రభుత్వాలను కుదిపేస్తోంది. ఇది చూడకుండా రెండు దేశాల పార్టీలను ఒకే బద్ద మీద కొలవడం వల్లే మన దగ్గరి విదేశీ వార్తల విశ్లేషణల్లో ఇంత అయోమయం కనిపిస్తుంది.

ముందు డబ్బు సంగతి, అంటే ప్రభుత్వం ఎంతవరకు పూచీ పడాలన్న ప్రశ్న. ఫ్రాన్స్‌లో దీనికి పునాది రెండో ప్రపంచయుద్ధంలో పడింది. నాజీ ఆక్రమణను ఎదిరించినవాళ్లు 1944 మార్చిలో ఒక ఉమ్మడి కార్యక్రమం రాసుకున్నారు. అందులో కమ్యూనిస్టులు, సోషలిస్టులు, క్రైస్తవ ప్రజాస్వామ్యవాదులు, పాత రైట్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. పెద్ద బ్యాంకులు, విద్యుత్తు, బొగ్గు జాతి చేతుల్లోకి రావాలి, ప్రతి పౌరుడికీ సామాజిక భద్రత ఉండాలి అన్నది దాని సారం. దాన్ని అమలు చేయడం మొదలుపెట్టిన ప్రభుత్వానికి నాయకుడు చార్లెస్ డి గాల్. ఫ్రెంచి రైట్‌కు ఇరవయ్యో శతాబ్దంలో ఆయన్ని మించిన నాయకుడు లేడు. 1945 అక్టోబర్‌లో సామాజిక భద్రతా వ్యవస్థ ఆయన ప్రభుత్వం జారీచేసిన ఆర్డినెన్సులతోనే పుట్టింది. దాన్ని ఊరూరా నిలబెట్టే పని కార్మిక మంత్రి ఆంబ్రోయిజ్ క్రోయిజా మీద పడింది, ఆయన కమ్యూనిస్టు. రెనో కార్ల కంపెనీ, బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్ కూడా డి గాల్ హయాంలోనే జాతీయమయ్యాయి.

ఆ పునాది వేయడంలో రైట్‌కూ చెయ్యి ఉంది కాబట్టి తర్వాతి తరాల రైట్ దాన్ని కూల్చాలని అనలేదు. పదవీ విరమణ వయసు ఎంత ఉండాలి, వారానికి పని గంటలు ఎన్ని, సంపన్నులపై పన్ను ఎంత అన్నదే వాదన. 1981లో గెలిచిన సోషలిస్టు అధ్యక్షుడు ఫ్రాన్స్వా మితరాన్ పదవీ విరమణ వయసును 60కి దించారు, వేతనంతో కూడిన సెలవులను ఐదు వారాలకు పెంచారు. 2010లో రైట్ అధ్యక్షుడు నికొలా సార్కోజీ ఆ వయసును 62 చేశారు. 2023లో అధ్యక్షుడు ఎమ్మానుయెల్ మాక్రాన్ ప్రభుత్వం 64 అంటే లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. సంపద పన్ను కథా ఇలాంటిదే. మితరాన్ హయాంలో పెట్టారు, 1986లో రైట్ గెలిచి ఎత్తేసింది, 1988లో లెఫ్ట్ తిరిగొచ్చి మళ్లీ తెచ్చింది, 2018లో మాక్రాన్ దాన్ని స్థిరాస్తులకు మాత్రమే పరిమితం చేశారు. ఫ్రాన్స్ ప్రభుత్వ వ్యయం మొత్తం జీడీపీలో 57 శాతం దాకా ఉంటుంది, అమెరికాలో అది 40 శాతం లోపే. రైట్ ఎన్నేళ్లు పాలించినా ఫ్రాన్స్‌లో ఆ లెక్క అమెరికా దరిదాపులకు రాలేదు.

అమెరికాలో అలాంటి ఉమ్మడి ఒప్పందం కుదరలేదు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1935లో వృద్ధాప్య పింఛన్లు తెచ్చారు, లిండన్ జాన్సన్ 1965లో ముసలివాళ్లకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ తెచ్చారు. మిగతా జనానికి వైద్యం ఎవరి పూచీ అన్న ప్రశ్న మాత్రం తెగలేదు. 2010లో ఒబామా ఆరోగ్య చట్టం వచ్చినప్పుడు తుది ఓటింగులో ఒక్క రిపబ్లికన్ కూడా అనుకూలంగా ఓటేయలేదు. ఆ చట్టం వైద్యాన్ని ప్రభుత్వపరం చేసిందేమీ లేదు. ప్రైవేటు కంపెనీల ఇన్సూరెన్సునే జనం కొనుక్కునేలా సబ్సిడీలు ఇచ్చింది, కొనకపోతే జరిమానా పెట్టింది. నాలుగేళ్ల ముందు మసాచుసెట్స్ రాష్ట్రంలో రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ ఇలాంటి చట్టం మీదే సంతకం పెట్టారు కూడా. అయినా జాతీయస్థాయికి వచ్చేసరికి దాన్ని సోషలిజం అన్నారు. వైద్య ఖర్చులో దాదాపు 80 శాతం సామాజిక భద్రతే భరించే ఫ్రాన్స్‌లో, రైట్ అభ్యర్థి ఎవరైనా ఒబామా పథకాన్ని ఎజెండాగా పెట్టుకుంటే, ఉన్న భద్రతను లాగేస్తున్నారని సొంత ఓటర్లే తిరగబడతారు. వేతనంతో కూడిన సెలవులూ అంతే. ఫ్రాన్స్‌లో ఐదు వారాలు చట్టప్రకారం హక్కు. అమెరికాలో ఒక్కరోజైనా ఇచ్చి తీరాలన్న ఫెడరల్ చట్టమే లేదు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది.

‘లిబరల్’ అన్న మాటకు రెండు దేశాల్లో ఎదురెదురు అర్థాలు రావడానికి కారణమూ ఇదే. రూజ్‌వెల్ట్ కాలం నుంచి అమెరికాలో లిబరల్ అంటే ప్రభుత్వం పేదవాడి పక్షాన జోక్యం చేసుకోవాలనేవాడు. ఫ్రాన్స్‌లో లిబరల్ అంటే మార్కెట్‌ను దాని మానాన వదిలేయాలనేవాడు. అక్కడి లెఫ్ట్ సభల్లో అదొక తిట్టు. మాక్రాన్‌ను ‘లిబరల్’ అని ఫ్రెంచి పత్రికలు రాస్తే, అది చదివి ఆయన్ని ఒబామా మార్కు నాయకుడిగా ఊహించుకోవడం తేలిక. సోషలిస్టు ప్రభుత్వంలో ఆర్థిక మంత్రిగా పనిచేసిన ఆయన 2017లో లెఫ్ట్, రైట్ రెండింటి మంచినీ తీసుకుంటానని చెప్పి గెలిచారు. గెలిచాక కార్మిక చట్టాలు సడలించారు, సంపద పన్ను తగ్గించారు. ఫ్రెంచి ఓటర్లలో చాలామంది ఇప్పుడు ఆయన్ని రైట్ వైపే లెక్కేస్తారు.

ఇంతవరకు చదివినవాళ్లకు ఒక సులువైన సూత్రం తడుతుంది: అమెరికా డెమొక్రాట్లు ఫ్రాన్స్‌కు వెళ్తే రైట్ పార్టీ అవుతారు. ఈ మాట సోషల్ మీడియాలో బాగా తిరుగుతుంది. ఆర్థిక విషయాల వరకే చూస్తే అందులో కొంత నిజముంది. మతం, జాతి అనే రెండు విషయాలు వచ్చేసరికి ఆ సూత్రం పనికిరాదు. అక్కడ రెండు దేశాల గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ పోతాయి.

మతం సంగతి చూద్దాం. ఫ్రెంచి రిపబ్లిక్ కాథలిక్ చర్చితో వందేళ్లకు పైగా తలపడింది. బడి ఎవరిది, పెళ్లి ఎవరు రిజిస్టర్ చేయాలి, పిల్లలకు ఏం నేర్పాలి అన్నవి అక్కడ రాజకీయాల్లో ప్రాణప్రదమైన ప్రశ్నలు. 1905లో చర్చినీ ప్రభుత్వాన్నీ వేరుచేసిన చట్టం తెచ్చింది లెఫ్ట్, ఎదిరించింది కాథలిక్ రైట్. అందుకే అక్కడ లౌకికత్వం అంటే ప్రభుత్వాన్ని, ముఖ్యంగా బడిని, మతం నుంచి కాపాడటం. అమెరికా కథ తలకిందులు. యూరప్‌లో తమ మతాన్ని తమ ఇష్టప్రకారం ఆచరించలేక వచ్చినవాళ్లు ఆ దేశపు తొలి వలసదారుల్లో ఎందరో ఉన్నారు. అక్కడ రాజ్యాంగపు మొదటి సవరణ మతాన్ని ప్రభుత్వం నుంచి కాపాడుతుంది. అందుకే లౌకిక రాజ్యమై ఉండీ డాలరు నోటు మీద దేవుడి పేరు ఉంటుంది, ఏ పార్టీ అధ్యక్షుడైనా ప్రసంగం చివర్లో దేశాన్ని దీవించమని దేవుణ్ని అడుగుతాడు. ఫ్రాన్స్‌లో అధ్యక్షుడు అలా అంటే దుమారం లేస్తుంది.

ఈ తేడా 2004లో స్పష్టంగా బయటపడింది. ప్రభుత్వ బడుల్లో విద్యార్థులు కొట్టొచ్చినట్టు కనపడే మతచిహ్నాలు వేసుకోకూడదని ఫ్రాన్స్ చట్టం చేసింది. ముస్లిం అమ్మాయిల తలగుడ్డ గురించే ప్రధానంగా చర్చ జరిగినా, సిక్కు తలపాగాకూ యూదుల టోపీకీ అది వర్తించింది. జాతీయ అసెంబ్లీలో అనుకూలంగా 494 మంది, వ్యతిరేకంగా 36 మంది. అప్పటి ప్రభుత్వం రైట్‌ది, కానీ సోషలిస్టులు అత్యధికంగా దానికే ఓటేశారు. తమ తాతముత్తాతలు 1905లో చేసిన పనికి ఇది కొనసాగింపు అన్నది వాళ్ల వాదన. అమెరికాలో లెఫ్ట్ ఇలాంటి చట్టాన్ని ఊహించను కూడా లేదు. 2018లో మిన్నెసోటా నుంచి గెలిచిన ఇల్హాన్ ఒమర్ తలగుడ్డతో సభకు రావడం కోసం డెమొక్రాట్లు 2019 జనవరిలో ప్రతినిధుల సభ పాత నిబంధననే మార్చారు. తమ దృష్టిలో ఇద్దరూ లెఫ్ట్ విలువల ప్రకారమే నడుచుకున్నారు. ఒకరు అమ్మాయిని మతపు ఒత్తిడి నుంచి కాపాడుతున్నామన్నారు, ఇంకొకరు మైనారిటీ మహిళను మెజారిటీ ఒత్తిడి నుంచి కాపాడుతున్నామన్నారు. ఈ ఇరవై ఏళ్లలో ఫ్రెంచి లెఫ్ట్ కూడా దీనిమీద చీలింది. సోషలిస్టుల కంటే ఎడమగా నిలిచే జ్యాన్ లుక్ మెలాంషాన్ పార్టీలోని యువతరం అమెరికా డెమొక్రాట్ల వాదనకు దగ్గరవుతోంది, పాత సోషలిస్టులు 1905ను పట్టుకుని ఉన్నారు. ఆ మధ్యలో లె పెన్ పార్టీ లౌకికత్వాన్ని తన నినాదంగా చేసుకుని ప్రధానంగా ముస్లింల మీద ప్రయోగిస్తోంది. లెఫ్ట్ నిర్మించిన ఒక సూత్రం ఇలా చేతులు మారడం ఫ్రెంచి రాజకీయాల్లో ఈ తరం చూసిన అతిపెద్ద మార్పుల్లో ఒకటి, బాధ కలిగించేది కూడా.

జాతి, రంగు విషయంలో తేడా ఇంకా లోతైనది. ఫ్రెంచి రిపబ్లిక్ దృష్టిలో పౌరుడికి జాతి లేదు, మతం లేదు, పౌరుడు పౌరుడే. జనగణనలో జాతి అడగరు. జాతిమూలాల ఆధారంగా గణాంకాలు సేకరించడం రాజ్యాంగానికి విరుద్ధమని రాజ్యాంగ మండలి 2007లో తేల్చింది. నల్లజాతి పౌరులు ఎందరో, వాళ్లలో నిరుద్యోగం ఎంతో చెప్పే అధికారిక లెక్క ఉండదు. ఈ పద్ధతిని తరతరాలుగా లెఫ్ట్ సమానత్వపు ఆదర్శంగానే నిలబెట్టింది. అమెరికాలో ‘ప్రభుత్వం రంగు చూడకూడదు’ అనేది ఇవాళ రైట్ నినాదం. యూనివర్సిటీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకునే పద్ధతిని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు పండగ చేసుకున్నది రిపబ్లికన్లు, బాధపడింది డెమొక్రాట్లు. కులగణన, రిజర్వేషన్ల చర్చ మధ్య పెరిగిన తెలుగు పాఠకుడికి ఇందులో అమెరికా లెఫ్ట్ వాదనే వెంటనే అర్థమవుతుంది. లెక్క తీయకుండా అన్యాయాన్ని ఎలా సరిదిద్దుతారన్న ప్రశ్నకు ఫ్రెంచి లెఫ్ట్ దగ్గర ఇప్పటికీ సూటిగా జవాబు లేదు.

అమెరికాలో జాతి ఇంత కేంద్రంగా ఉండటానికి కారణం తెలిసిందే: బానిసత్వం, అంతర్యుద్ధం, ఆ తర్వాత వందేళ్ల వివక్ష. పార్టీ పేర్లు అక్కడ ఎంత మోసం చేస్తాయో కూడా ఈ చరిత్రే చెబుతుంది. బానిసత్వాన్ని రద్దుచేసిన లింకన్ రిపబ్లికన్, దక్షిణాదిన వివక్షను చట్టాలుగా నిలబెట్టినవాళ్లు డెమొక్రాట్లు. 1964 పౌరహక్కుల చట్టానికి రెండు సభల్లోనూ రిపబ్లికన్లలోనే ఎక్కువ శాతం మంది అనుకూలంగా ఓటేశారు. చట్టం మీద సంతకం చేసింది మాత్రం డెమొక్రాట్ జాన్సన్. దాన్ని వ్యతిరేకించిన సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ ఆ ఏడాది రిపబ్లికన్ అభ్యర్థిగా చిత్తుగా ఓడిపోయినా సొంత రాష్ట్రం అరిజోనాతో పాటు దక్షిణాదిన ఐదు రాష్ట్రాలు గెలిచారు. అక్కడినుంచి తెల్లజాతి దక్షిణాది మెల్లగా రిపబ్లికన్ల వైపు, నల్లజాతి ఓటు దాదాపు పూర్తిగా డెమొక్రాట్ల వైపు మళ్లాయి. ఇవాళ్టి అమెరికా లెఫ్ట్-రైట్ గీత గీసుకున్నది ఆ మళ్లింపులోనే.

ఫ్రెంచి రైట్ మూలాలు ఇంకోచోట ఉన్నాయి. రాచరికం మీద, చర్చి మీద ప్రేమ ఒకటి. డి గాల్ నేర్పిన బలమైన ప్రభుత్వం, జాతీయ గౌరవం రెండోది. అల్జీరియా గాయం మూడోది. 1962లో అల్జీరియాకు స్వాతంత్ర్యం ఇచ్చింది డి గాలే. దాన్ని ద్రోహంగా చూసినవాళ్లు, అక్కడినుంచి వచ్చేసిన ఫ్రెంచి కుటుంబాల్లో కొందరు, తీవ్ర రైట్‌కు బలమయ్యారు. 1972లో మరీన్ తండ్రి జ్యాన్ మరీ లె పెన్ నాయకత్వంలో పెట్టిన నేషనల్ ఫ్రంట్ వలసల వ్యతిరేకతను తన కేంద్రం చేసుకుంది. అక్కడ మామూలు రైట్, తీవ్ర రైట్ రెండు వేర్వేరు కుటుంబాలు, ఒకరిమీద ఒకరికి పాత పగలున్నవి. అమెరికాలో ఆ రెండూ ఒకే పార్టీ గొడుగు కింద సర్దుకోవాల్సి వచ్చింది.

గర్భస్రావం సంగతికి వస్తే, 1970లలో అది రెండు దేశాల్లోనూ పార్టీల తగాదా కాదు. 1973లో అమెరికాలో ఆ హక్కును గుర్తించిన ఏడుగురు జడ్జీల్లో ఐదుగురు రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవాళ్లే. ఫ్రాన్స్‌లో 1975 చట్టం తెచ్చింది రైట్ అధ్యక్షుడు జిస్కార్ దెస్తాంగ్, సభలో దానికోసం పోరాడింది ఆయన ఆరోగ్యమంత్రి సిమోన్ వేయ్. సొంత పక్షంలో ఎక్కువమంది వ్యతిరేకించినా లెఫ్ట్ ఓట్లతో ఆమె గట్టెక్కారు. అక్కడ చట్టసభ తేల్చింది, రెండు పక్షాల చేతులూ పడ్డాయి, విషయం ముగిసింది. అమెరికాలో కోర్టు తేల్చింది. చట్టసభలో ఓడిపోయామన్న భావన వ్యతిరేకులకు ఎప్పుడూ కలగలేదు, మా మాట వినకుండా మీద రుద్దారన్న కోపం మిగిలింది. 1980లో రేగన్ గెలుపుతో ఆ కోపం రిపబ్లికన్ పార్టీకి ఇంధనమైంది, మంచి జడ్జీలను వేయిస్తాం ఓటేయండి అన్నది నలభై ఏళ్ల ఎన్నికల హామీ అయింది.

తెలుగులో ‘వామపక్షం’ అనగానే మనకు ఎర్రజెండా, సీపీఐ, సీపీఎం గుర్తొస్తాయి. ఈ అర్థం ఫ్రాన్స్‌కు చాలావరకు సరిపోతుంది. 1920 డిసెంబర్‌లో తూర్ నగరంలో సోషలిస్టులు చీలి కమ్యూనిస్టు పార్టీ పుట్టింది. 1946లో అది 28 శాతం ఓట్లతో దేశంలో మొదటి పార్టీ. 1981లోనూ 1997లోనూ లెఫ్ట్ ప్రభుత్వాల్లో కమ్యూనిస్టు మంత్రులున్నారు. అమెరికాకు ఈ అర్థం అస్సలు అతకదు. అక్కడ సోషలిస్టు అభ్యర్థి యూజీన్ డెబ్స్ 1912లో తెచ్చుకున్న 6 శాతమే ఆ పార్టీకి ఎత్తైన మెట్టు. పార్టీ రంగులు కూడా గందరగోళం పెంచుతాయి. 2000 ఎన్నికల రాత్రి టీవీ మ్యాపుల నుంచి స్థిరపడిన అలవాటు ప్రకారం అమెరికాలో ఎరుపు రంగు రిపబ్లికన్లది. ఫ్రాన్స్‌లో ఎరుపు లెఫ్ట్‌ది, నీలం రైట్‌ది.

ఈ తేడాలను ఎన్నికల పద్ధతి ఇంకా పెంచుతుంది. ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక రెండు విడతల్లో జరుగుతుంది. మొదటి విడతలో ఎవరికీ సగం దాటకపోతే, ముందున్న ఇద్దరికీ రెండు వారాల తర్వాత పోటీ. కాబట్టి మొదటి విడతలో ఓటరు తన రంగుకు తగ్గ అభ్యర్థినే ఎంచుకుంటాడు. 2022లో పన్నెండుమంది నిలబడ్డారు. తీవ్ర లెఫ్ట్‌లోని ట్రాట్స్కీవాదుల నుంచి తీవ్ర రైట్‌లోని ఎరిక్ జెమూర్ దాకా అన్ని ఛాయలూ బ్యాలెట్ మీదే ఉన్నాయి. మాక్రాన్ 27.85 శాతం, లె పెన్ 23.15, మెలాంషాన్ 21.95. లె పెన్‌కూ మెలాంషాన్‌కూ మధ్య తేడా దాదాపు 4 లక్షల 20 వేల ఓట్లు. అదే విడతలో కమ్యూనిస్టు అభ్యర్థి ఫాబియాన్ రూసెల్‌కు వచ్చినవి 8 లక్షలు. లెఫ్ట్ చీలిక ఎంత ఖరీదైనదో ఆ ఒక్క లెక్క చెబుతుంది. 2002లో సోషలిస్టు ప్రధాని లియొనెల్ జోస్పాన్ కూడా ఇలాగే 16.18 శాతంతో మూడో స్థానానికి జారిపోయారు. 16.86 శాతంతో జ్యాన్ మరీ లె పెన్ రెండో విడతకు వెళ్లారు. ఆ రెండో విడతలో లెఫ్ట్ ఓటర్లు రైట్ అభ్యర్థి జాక్ షిరాక్‌కు మూకుమ్మడిగా ఓటేస్తే ఆయనకు 82 శాతం వచ్చింది.

అమెరికాలో ఈ వైవిధ్యమంతా పార్టీల లోపల, అభ్యర్థిని ఎంచుకోవడానికి పార్టీలు జరిపే ప్రైమరీల్లో దాక్కుంటుంది. బెర్నీ శాండర్స్ తనను తాను డెమొక్రటిక్ సోషలిస్టునని చెప్పుకుంటారు. 2016 ప్రైమరీల్లో 20కి పైగా రాష్ట్రాలు గెలిచినా నవంబర్ బ్యాలెట్ మీద ఆయన పేరు లేదు. ఆయనే ఫ్రాన్స్‌లో ఉంటే, 2008లో సోషలిస్టు పార్టీ వదిలేసిన మెలాంషాన్‌లా వేరే పార్టీ పెట్టుకుని అధ్యక్ష ఎన్నికలో నేరుగా నిలబడేవారు. అమెరికాలో బయటినుంచి నిలబడితే ఏమవుతుందో 2000లో ఫ్లోరిడా చూపించింది. గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు అక్కడ 97 వేలకు పైగా ఓట్లు వచ్చాయి, డెమొక్రాట్ అల్ గోర్ ఆ రాష్ట్రాన్ని, దాంతో అధ్యక్ష పదవినే, 537 ఓట్ల తేడాతో పోగొట్టుకున్నారు. అందుకే ‘అమెరికా లెఫ్ట్’ అని మనం చెప్పేది ఒక పార్టీ కాదు. శాండర్స్ నుంచి వాల్‌స్ట్రీట్ విరాళాలు తీసుకునే మధ్యేవాదుల దాకా తప్పనిసరై కలిసున్న ఒక కూటమి.

ఈ మధ్య రెండు దేశాలూ ఒకచోట కలుస్తున్నాయి. ఉత్తర ఫ్రాన్స్‌లో పా-ద-కలే పాత బొగ్గుగనుల ప్రాంతం. తరాల తరబడి సోషలిస్టులకూ కమ్యూనిస్టులకూ కంచుకోట. ఇప్పుడు మరీన్ లె పెన్ పార్లమెంటుకు గెలిచేది అక్కడి ఎనాన్-బోమాన్ నుంచి. అమెరికాలో వెస్ట్ వర్జీనియా కూడా బొగ్గు రాష్ట్రమే. 1996లో క్లింటన్‌కు ఓటేసింది, 2016లో దాదాపు 68 శాతం ట్రంప్‌కు ఇచ్చింది. గనులు మూతపడ్డాయి, యూనియన్లు బలహీనపడ్డాయి, లెఫ్ట్ పార్టీలు చదువుకున్న నగరవాసుల పార్టీలుగా మారాయి. కారణాలు రెండుచోట్లా ఒకటే. ఆ ఓటర్లను పట్టుకున్న తీరు మాత్రం వేరు. 1980లలో రేగన్‌ను మెచ్చుకుని పన్నులు తగ్గించాలన్న తండ్రి ఆర్థిక విధానాన్ని మరీన్ లె పెన్ వదిలేశారు. చిన్న వయసులో పనిలో చేరినవాళ్లకు 60కే పింఛను, ఇంధనంపై పన్ను తగ్గింపు అన్నారు. 2022లో పదవీ విరమణ వయసు 65 చేస్తానన్న మాక్రాన్ కంటే, ఈ ఒక్క విషయంలో, ఆమే లెఫ్ట్‌కు దగ్గరగా నిలబడ్డారు. ట్రంప్ కూడా పింఛన్లు, మెడికేర్ ముట్టుకోనని మాట ఇచ్చారు, దిగుమతులపై సుంకాలన్నారు. గెలిచాక 2017లో కంపెనీల పన్నును 35 శాతం నుంచి 21 శాతానికి దించారు.

2024 వేసవిలో ఫ్రాన్స్ జాతీయ అసెంబ్లీకి హఠాత్తుగా ఎన్నికలు వచ్చాయి. మొదటి విడతలో లె పెన్ పార్టీ ముందు నిలిచింది. రెండో విడతకు ముందు లెఫ్ట్, మాక్రాన్ కూటముల నుంచి 200 మందికి పైగా అభ్యర్థులు ఓట్లు చీలకుండా పోటీ నుంచి తప్పుకున్నారు. పింఛను వయసును 64కు పెంచిన మాజీ ప్రధాని ఎలిజబెత్ బోర్న్ కోసం మెలాంషాన్ పార్టీ అభ్యర్థి తప్పుకున్నారు, ఆమె గెలిచారు. లె పెన్ పార్టీ సీట్లలో మూడో స్థానంలో ఆగిపోయింది, లెఫ్ట్ కూటమి మెజారిటీ లేకుండానే మొదటి స్థానంలోకి వచ్చింది. అమెరికాలో అలా రెండు విడతల మధ్య సర్దుకునే వీలే లేదు. ఆ అక్టోబర్‌లో రిపబ్లికన్ పార్టీ పుట్టిన విస్కాన్సిన్‌లోని రిపన్ పట్టణంలో, రిపబ్లికన్ మాజీ ప్రతినిధి లిజ్ చేనీ డెమొక్రాట్ కమలా హారిస్ పక్కన నిలబడి ప్రచారం చేశారు. విస్కాన్సిన్ ట్రంప్‌కే వెళ్లింది.

ప్యారిస్‌లో ఆ సర్దుబాటు ఎక్కువకాలం నిలవలేదు. మాక్రాన్ సెప్టెంబర్‌లో రైట్‌కు చెందిన మిషెల్ బార్నియేను ప్రధానిని చేశారు. డిసెంబర్ 4న ఆయన ప్రభుత్వం పడిపోయింది. 1945లో పుట్టిన అదే సామాజిక భద్రత తాలూకు బడ్జెట్‌ను ఓటింగు లేకుండా నెగ్గించుకోబోవడమే కారణం. అవిశ్వాస తీర్మానం పెట్టింది లెఫ్ట్. ధరలకు తగ్గట్టు పింఛన్లు పెంచడాన్ని వాయిదా వేస్తే ఒప్పుకోమన్న లె పెన్ పార్టీ దానికే ఓటేసింది. మొత్తం 331 ఓట్లు. ఏడు నెలల తర్వాత, 2025 జూలైలో, వాషింగ్టన్‌లో పేదల మెడికెయిడ్‌కు భారీగా కోతపెట్టిన ట్రంప్ బిల్లు ప్రతినిధుల సభలో 218–214తో నెగ్గింది. డెమొక్రాట్లు ఒక్కరూ అనుకూలంగా ఓటేయలేదు, రిపబ్లికన్లలో కాదన్నవాళ్లు ఇద్దరే.